ఎడమ కిటికీ తెర

మా నాయన కారు తొంభైల మొదట్లో ఆగిపోయింది. మరుసటి ఏడు నాయన పోయాడు. కారు అమ్మేయమని చుట్టాలంతా చెప్పారు, నేను ఒప్పుకోలేదు. అలాగని బాగుచేయించిందీ లేదు. తమిళనాడులో కోవిల్పట్టిని ఆనుకుని ఉన్న మా ఊళ్ళో, ఎద్దులు పోయాక ఖాళీగా మిగిలిన కొట్టంలో, టార్పాలిన్ కప్పుకుని అది పదేళ్ళకు పైగా పడి ఉంది. మొండితనంలో నేను నాయనకు తీసిపోనని నా భార్య అంటూ ఉంటుంది. అది మెచ్చుకోలు కాదని నాకు తెలుసు.

అది పాతకాలపు అంబాసిడర్, నల్లది. ముందు పొడుగాటి ఒకే సీటు, వెనక అలాంటిదే ఇంకొకటి, రెండింటికీ ముదురెరుపు రెక్సిను. వెనక కిటికీలకు సన్నటి ఇత్తడి కడ్డీలు, వాటికి ఆకుపచ్చ తెరలు. భూములున్న మా తెలుగు ఇళ్ళలో ఆ రోజుల్లో ఆడవాళ్ళు కారెక్కితే తెరలు వేయాల్సిందే. విరుదునగరంలోని పుట్టింటి నుంచి అమ్మ కొత్త కోడలిగా వచ్చింది ఆ కారులోనే, ఆ తెరల వెనకే. ఆ తర్వాత పండగలకూ పురుళ్ళకూ చావులకూ ఆ దారిన ఎన్నిసార్లు వెళ్ళి వచ్చిందో. ప్రతిసారీ వెనక సీట్లో ఎడమ కిటికీ పక్కనే కూర్చునేది. నేను ముందు, నాయన పక్కన. ఎదురొచ్చే లారీలు, సాత్తూరులో బుట్టల్లో దోసకాయలు పెట్టుకుని కారు వెంట పరుగెత్తే ఆడవాళ్ళు, దారి పొడుగునా చింతచెట్లు, అన్నీ నావే. వెనక కూర్చున్నవాళ్ళకు ఏం కనిపిస్తుందన్న ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు.

రెండువేలు దాటిన కొన్నేళ్ళకు అమ్మ కళ్ళు పాడవడం మొదలైంది. కంచం పక్కనే పెట్టిన చెంబు కోసం చేత్తో తడుముకునేది. ద్వారబంధానికి భుజం కొట్టుకునేది. తిరునెల్వేలి తీసుకుపోతే, కంట్లో ఒత్తిడి పెరిగిందన్నాడు డాక్టరు. చూపు అంచుల నుంచి లోపలికి మూసుకుంటూ వస్తుందని, పోయింది తిరిగి రాదని, చుక్కల మందుతో ఉన్నదాన్ని కొంతకాలం నిలబెట్టొచ్చని చెప్పాడు. ఎలా కనిపిస్తోందని ఆయన తమిళంలో అడిగితే, అమ్మ నా వైపు తిరిగి తెలుగులో చెప్పింది.

“బొక్కలోనించి చూసినట్ల ఉండాది. బొక్కలో ఉండేది బాగా తెలస్తాది. పక్కన ఉండేది ఏమీ లేదు.”

నేను ఆ మాటను తమిళంలో ఆయనకు చెప్పాను. ఈ జబ్బును ఇంతకంటే సరిగ్గా ఎవరూ చెప్పలేరని ఆయన తల ఊపాడు.

తిరుగు బస్సులో అమ్మ నా మోచెయ్యి పట్టుకుని కూర్చుంది.

“కండ్లు ఉండంగానే ఒక తడవ విరుదునగరం పోయొస్తాం అప్పా. మా అన్నను చూడాల. రైల్లో వద్దు, రోడ్డు మీద పోతాం. ఆ చింతచెట్లను చూడాల.”

కారు ఆగిపోయాక ఆమె పుట్టింటికి పోవడమే తగ్గిపోయింది. పోయినా రైల్లోనే. ఆ మాట వినగానే నా బుర్రలో కారు మెదిలింది. ఏ కారులో ఈ ఇంటికి వచ్చిందో ఆ కారులోనే పుట్టింటికి తీసుకుపోవాలి. లోపలంతా ఆ రోజు ఎలా ఉందో అలాగే ఉండాలి. చూపు పోయేలోగా అమ్మ దాన్ని చూడాలి. ఇదంతా నా ఊహ. ఆమె అడిగింది రోడ్డు, నేను మొదలుపెట్టింది కారు.

ఇంజను పని మెకానిక్కుకు అప్పగించాను. రెండు నెలల్లో కారు కదిలింది. లోపలి పని మాత్రం ఎవరి చేతికీ ఇవ్వలేదు. పగలు మిల్లులో గుమాస్తాగిరీ, సాయంత్రాలూ ఆదివారాలూ కొట్టంలో. సీట్లు ఊడదీసి ఎండలో వేస్తే లోపల ఎలుకలు తరతరాలుగా కాపురాలు చేసిన ఆనవాళ్ళు కనిపించాయి. గోనెపట్టా, కొబ్బరి పీచు, దూది, మూడు పొరలకూ చిల్లులే. వెనక సీటు సందులోంచి చింతగింజలు, ఎండి దారం మాత్రం మిగిలిన ఒక పూలదండ, నా చిన్నప్పటి బలపం ముక్క, తుప్పు పట్టిన ఒక తలపిన్ను బయటపడ్డాయి. తలపిన్నును రుద్ది కడిగి అమ్మకిచ్చాను. ఆమె దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత కొప్పులో గుచ్చుకుంది.

విరుదునగరంలో కుర్చీలకూ బండ్లకూ కుషన్లు కుట్టే ఒక ముసలి మేస్త్రీ ఉండేవాడు. పని తెలుసుకోవడానికి నెలకు రెండుసార్లు బస్సెక్కి ఆయన దగ్గరికి పోయేవాణ్ణి. స్ప్రింగులను జనపతాడుతో నడిమి నుంచి అంచులకు కడుతూ పోవాలని, రెక్సినును లాగేముందు కాసేపు ఎండలో వేసి మెత్తబరచాలని, దూదిని చేత్తో విడదీసి పరవాలి తప్ప ముద్దగా కూరకూడదని ఆయనే చెప్పాడు. అమ్మ చూడాలన్న రోడ్డు మీదే నేను పోతున్నాను, వస్తున్నాను. పక్క సీట్లో అమ్మను కూర్చోబెట్టుకుని పోవచ్చు కదా అని ఒక్కనాడూ తోచలేదు. ఈ మాట రాయడానికి ఇప్పటికీ నా చెయ్యి రావడం లేదు.

దూది మా చేలోదే. కొట్టం ముందు మంచం మీద కూర్చుని అమ్మ దాన్ని విడదీసేది.

“కండ్లు అక్కర్లేని పని ఇదొగటి ఉండాది” అనేది. కాసేపయ్యాక, “ఎప్పుడప్పా పోయేది?” అని అడిగేది.

“రెక్సిను రావాలమ్మా. ఆ ఎరుపు దొరకలేదు.”

ఇంకో నెలకు మళ్ళీ అడిగేది. పైకప్పు గుడ్డ బిగించాలి అనేవాణ్ణి. ఇంటి పెంకులు మార్చమని నాలుగేళ్ళుగా పోరుతున్న నా భార్య అది విని వంటింట్లోంచే చురక అంటించేది. “ఇంట్లో వాన పడతా ఉండాది. కారుకు మాత్రం పైన కొత్త గుడ్డ. మనమంతా పోయి దాంట్లోనే పండుకుంటాం.”

అమ్మ నవ్వేది. తర్వాత నెమ్మదిగా, “లోపల ఎట్ల ఉంటే ఏమిరా? గోనెపట్ట ఏసుకోని పోతాం” అనేది.

“పెండ్లికూతురు వచ్చిన బండిలో గోనెపట్టా? ఊరుకో అమ్మా.”

చివరికి మిగిలినవి తెరలు. పాతవి ముట్టుకుంటే చీలిపోయేలా ఉన్నాయి. కొలతల కోసం వాటిని మేస్త్రీ దగ్గరికి తీసుకుపోయాను. ఎడమ కిటికీ తెరలో, ముందంచుకు దగ్గరగా చిటికెనవేలు దూరేంత కన్నం ఒకటి ఉంది. ఆయన అందులో వేలు పెట్టి చూశాడు.

“ఇది ఎలుక కొరికింది కాదు. చుట్టూ కాజా కుట్టు వేసి ఉంది చూడండి. చెయ్యి తిరిగినవాళ్ళు కుట్టారు” అన్నాడు తమిళంలో.

“ఎలుకే కొరికి ఉంటుంది. పోగులు జారకుండా ఎవరో కుట్టి ఉంటారు” అన్నాను నేను. ఆయన నా మొహం ఒకసారి చూసి, కొలతలు రాసుకోమన్నాడు.

రంగు కోసం కుడి తెర లోంచి ఒక ముక్క కత్తిరించి అరుప్పుకోట్టైలో నేతపనివాళ్ళకు పంపాను. మొదట నేసి పంపింది లేతగా ఉందని వెనక్కి పంపేశాను. రెండోది రావడానికి నాలుగు నెలలు పట్టింది. మిగిలిన పాత గుడ్డ కొట్టంలో మసిబట్టల్లో కలిసిపోయింది. ఎప్పుడు పోతామని అమ్మ అడగడం మానేసింది ఆ నాలుగు నెలల్లోనే. అడగడం లేదు కదా అని నాకు నిమ్మళంగా ఉండేది.

ఈలోగా సాత్తూరు దాటాక చింతచెట్ల మొదళ్ళ మీద తెల్ల రంగుతో అంకెలు కనిపించాయి. రోడ్డును వెడల్పు చేయబోతున్నారని బస్సులో చెప్పుకున్నారు. ఆ తర్వాతసారి పోయినప్పుడు కొన్ని చెట్లు పడి ఉన్నాయి. ఇంకా చాలా మిగిలాయిలే అనుకున్నాను. ఆ పైన పోయిన ప్రతిసారీ ఇంకొన్ని తగ్గుతూ వచ్చాయి. తెరలు రాకుండా బయలుదేరితే చేసిందంతా వృథా అనిపించింది. పట్టు పట్టిన మనిషికి ఎదురుగా ఉన్నది కూడా కనిపించదని నన్ను చూసుకున్నాకే నాకు అర్థమైంది.

తెరలు వచ్చిన ఆదివారం పొద్దున వాటిని కడ్డీలకు ఎక్కించాను. ముందు సీటు ఒక్కటి ఇంకా కాలేదు. నేను కూర్చునేదే కదా, తర్వాత చూసుకోవచ్చని స్ప్రింగుల మీద గోనెసంచులు మడిచి వేశాను. అమ్మ పెట్టెలోంచి పట్టుచీర తీసి కట్టుకుంది. కొప్పులో పాత తలపిన్ను. నేను తలుపు తీసి పట్టుకుంటే, ఎప్పటిలాగే వెనక ఎడమ కిటికీ పక్కన కూర్చుంది. రెక్సిను మీద అరచెయ్యి పెట్టి నిమిరింది. మొహం దగ్గరికి తెచ్చి తెర అంచు చూసింది.

“బాగుండాదప్పా. అట్లే ఉండాది.”

ఆ మాట కోసమే ఏడాదికి పైగా పడ్డ పాటంతా. ఇంజను స్టార్టు చేయబోతూ వెనక్కి తిరిగి చూశాను. అమ్మ చెయ్యి తెర మీద పైకీ కిందికీ మెల్లగా పోతోంది.

“ఏం వెతకతా ఉండావమ్మా?”

“ఈడ బొక్క ఉంటాదే.”

“అది పాత తెరలో కదా. ఎలక కొరికింది. ఇది కొత్తది.”

“ఎలక కాదురా, నేను.”

దొంగతనం ఒప్పుకుంటున్న పిల్లలా చెప్పింది. “పెండ్లయిన ఏడు తలపిన్నుతో పొడిచినాను. పోగులు జారి పెద్దదవతాదని, ఉతికేటప్పుడు కాజా కుట్టు ఏసినాను. ఉతికేది నేనే కదా, మీ నాయనకు యాడ తెలస్తాది? చింతచెట్లన్నీ దాంట్లోనే చూసింది. ఒగటి పోతే ఇంకొగటి వచ్చేది.”

ఆ కన్నం కూర్చున్న మనిషి కంటి ఎత్తులో ఉందని అప్పుడు తెలిసింది. కారులో ఉన్నవన్నీ ఉన్నవి ఉన్నట్టుగా తిరిగి తెచ్చాననుకుని పొంగిపోయాను. నాయన పెట్టిన తెరను వెతికి వెతికి నేయించి తెచ్చాను. అమ్మ చేసుకున్నది అందులో ఒక్కటే ఉంటే, దాన్ని నేను మూసేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

కారు దిగి రెండు తెరలూ కడ్డీల నుంచి లాగేశాను. అమ్మ వద్దనలేదు. వెనక సీటు మీది నుంచి తనే మెల్లగా కిందికి దిగింది.

“ముందర కూర్చుంటా.”

“ఆడ సీటు కాలేదమ్మా. ఉట్టి గోనెపట్టే ఉండాది.”

“గోనెపట్ట చాలని నేను అప్పుడే చెప్పలేదా?”

పెళ్ళయిన నాటి నుంచి ఆ కారులో ఆమె ముందు కూర్చోవడం అదే మొదలు. పట్టుచీర గోనెసంచికి తగులుకుంటుందని నా భార్య పాత దుప్పటి ఒకటి తెచ్చి పరిచింది. నేను ఎద్దుల బండి తోలినంత నిదానంగా నడిపాను. అమ్మ తలను ఎడమకూ కుడికీ తిప్పుతూ, తన చూపులో పట్టినంత మేర రోడ్డును ముక్కలు ముక్కలుగా చూసుకుంటూ వచ్చింది. నల్లరేగడి చేలు, పత్తి, ఎండకు ఆరబెట్టిన అగ్గిపుల్లలు. కనిపించిన ప్రతిదాని పేరూ పైకి చెప్పింది. సాత్తూరు దగ్గర వంతెన మీదికి ఎక్కగానే టైర్ల చప్పుడు మారింది. ఆమె మొహం వెలిగింది.

“పాలం వచ్చేసింది. ఇంక చెట్లు వస్తాయి చూడు.”

పాలం అంటే వంతెన. దాని తర్వాత ఏముందో నాకు తెలుసు. బండి ఆపేద్దామనిపించింది. ఆపలేదు. రెండు పక్కలా తవ్విపోసిన మట్టి, యంత్రాలు, మధ్యమధ్య నరికిన మొదళ్ళు. మైళ్ళ పొడుగునా ఎండ తప్ప ఏమీ లేదు. అమ్మ ఎడమ పక్క చూసింది, కుడి పక్క చూసింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. కాసేపటికి ఆమె గొంతు సన్నగా వినిపించింది.

“చెట్లు యాడప్పా? నా కండ్లకు ఆనలేదా?”

ఆ గొంతులో ఉన్నది భయం. చూపు మొత్తం పోయిందనుకుంది.

“లేదమ్మా. చెట్లు కొట్టేసినారు. రోడ్డు పెద్దది చేస్తా ఉండారు.”

“ఎప్పుడు?”

“నాలుగు నెలలుగా.”

నాలుగు నెలలంటే ఏమిటో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఎందుకు ఆలస్యం చేశావని అడుగుతుందనుకున్నాను. అడిగి ఉంటే బాగుండేది. ఆమె సీటులో వెనక్కి వాలి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

“సరి. అట్లయితే నా కండ్లు ఇంకా ఉండాయి” అంది.

విరుదునగరంలో మేనమామ మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని, దగ్గరికి తెచ్చుకుని, ముక్కూ కళ్ళూ ఒక్కొక్కటిగా చూసింది. సాయంత్రం దాకా అన్నాచెల్లెళ్ళు మాట్లాడుకున్నారు. ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే ఆమె చూపు పూర్తిగా మూసుకుపోయింది.

ముందు సీటుకు నేను రెక్సిను వేయలేదు. ఎవరైనా అడిగితే ఓపిక లేదంటాను. ఒకరోజు కొట్టంలో మసిబట్టలన్నీ కుమ్మరించి పాత తెర ముక్క కోసం వెతికాను. నూనె ఓడుతూ అడుగున దొరికింది. సబ్బు పెట్టి మూడుసార్లు ఉతికి, ఆరాక అమ్మ చేతికిచ్చాను. ఆమె గుడ్డంతా తడిమి, కన్నం దొరికాక అక్కడ ఆగి, చూపుడువేలి కొసతో కుట్టు వెంబడి చుట్టూ తడుముకుంటూ వచ్చింది.

“ఒక్క పోగు కూడా జారలేదు చూస్తివా” అంది.