లాత్వియాలో మన ఓటు బ్యాంకు

ఆ రోజుల్లో నా వయసు నలభై మూడు. చిన్ననాటి ముచ్చట చెబుతానని కూర్చుని ఈ నలభై మూడేమిటని మీరు అడగవచ్చు. కానీ జర్మనీలో నా వయసు అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు. మాటలు సరిగా రావు, రొట్టెల దుకాణంలో వేలితో చూపించి అడిగేవాణ్ణి, ఆఫీసుల నుంచి ఉత్తరం వస్తే ఎవరో ఒకరు చదివి చెప్పాలి. రెండేళ్ల పిల్లవాడికీ నాకూ ఉన్న తేడా మీసాలొక్కటే. (అవి కూడా మాస్కు కింద ఉండేవి కనుక ఆ తేడా సైతం బయటికి కనిపించేది కాదు.) కాబట్టి దీన్ని నా జర్మన్ బాల్యంలోని ముచ్చటగానే జమకట్టండి.

పాడర్‌బోర్న్ అనే ఊళ్లో రెండో అంతస్తు వాటా మాది. నేను లెక్కలు బళ్లో నేర్చుకున్నవాణ్ణి కాదు. బడిలో లెక్కల సారు నన్ను చూస్తేనే సుద్దముక్క విసిరేవారు. నాకు లెక్కలు నేర్పింది ఎన్నికలు. మా ఊళ్లో పంచాయతీ ఎన్నికలంటే ఏ వాడలో ఎన్ని ఓట్లు, ఏ మేనమామ ఎటు మొగ్గుతాడు, ఎవరింటి కోడలు పుట్టింటి పక్షానికి ఓటు వేస్తుంది అన్నీ నాకు నోటికొచ్చేవి. ఆ విద్యతోనే కంప్యూటరు నేర్చుకుని, అంకెలు చూసే ఉద్యోగం పట్టి, నలభై దాటాక పెళ్లాం పిల్లతో ఈ దేశం వచ్చాను. వచ్చిన మూడో నెలలో లాక్‌డౌన్ వచ్చింది. ఇంట్లోంచే పని. కాలు ఒకచోట నిలిచేది కాదు. కిటికీ నుంచి వంటింటికి, వంటింటి నుంచి కిటికీకి తిరుగుతూనే ఉండేవాణ్ణి. రెండో ఏడు వేసవి వచ్చేసరికి ఊరి నుంచి వచ్చే వార్తలు ఇంకా భయంగా ఉండేవి. ఫోను మోగితే ఎత్తడానికి చెయ్యి ముందుకొచ్చేది కాదు, మోగకపోతే మనసు ఊరుకునేది కాదు.

ఆ తిరుగుడు వల్లే కింది వాటా ఒమాతో పరిచయమైంది. ఒమా అంటే ఇక్కడ అమ్మమ్మ. డెబ్బై దాటిన ఒంటరి మనిషి. ఒకనాడు పైకొచ్చి, దూరంగా మెట్ల మీదే నిలబడి, మీ ఇంట్లో రోజూ సామాను సర్దుతున్నారా అని అడిగింది. మా ఆవిడ వచ్చీరాని జర్మన్‌లో "సామాను కాదు, భర్త" అంది. ఒమా చాలాసేపు నవ్వింది. మర్నాటి నుంచి మా అమ్మాయి చిన్నిని పెరట్లోకి పంపమంది. తను బల్లకు ఒక చివర, చిన్ని ఇంకో చివర.

అసలు విషయం మా చిన్నిది. దానికి పన్నెండేళ్లు. హైదరాబాదులో స్నేహితులందరినీ వదిలి వచ్చింది. ఇక్కడ క్లాసులో పేర్లు తెలిసేలోపే బడి మూతపడింది. కంప్యూటరు తెర మీద పాతిక చిన్న గళ్లు, అందులో దీనిదొక గడి, ఎప్పుడూ మైకు కట్టేసి ఉండేది. క్లాసు పిల్లల వాట్సాప్ గ్రూపులో ఉంది కానీ ఒక్క ముక్క రాసేది కాదు. "నన్ను ఇక్కడికెందుకు తెచ్చిన్రు?" అని అరిచి ఏడ్చినా బాగుండేది. అది అరవలేదు, ఏడవలేదు, అన్నిటికీ "సరే" అనేది. పిల్లలు అన్నిటికీ సరే అంటున్నారంటే ఆ లెక్క ఎక్కడో తప్పుతోందని నాకు తెలుసు. ఎక్కడో మాత్రం తెలియలేదు.

ఒమాకు పిచ్చి ఒక్కటే: ఏటా వసంతంలో టీవీలో వచ్చే యూరప్ దేశాల పాటల పోటీ. దేశానికొక పాట. అన్నీ అయ్యాక ప్రతి దేశంలోనూ సగం పాయింట్లు న్యాయనిర్ణేతలు, సగం జనం ఫోన్లలో వేస్తారు. ముందటేడు కరోనా వల్ల పోటీయే జరగలేదు. అందుకని ఆ ఏడు ఒమాకు రెండేళ్ల ఆకలి. పాత పాటలన్నీ చిన్నికి నేర్పింది. దానికి జర్మన్ వచ్చిందే ఆ పాటలతో. ఒకరోజు సాయంత్రం అన్నం తింటూ ఉన్నట్టుండి అడిగింది:

"డాడీ, మన పాటకు ఈసారి పాయింట్లొస్తయా?"

"యూరప్ పోటీల తెలుగు పాట యాడిదమ్మా?"

"అబ్బా, మనదంటే జర్మనీది డాడీ. ఒమా అంటుంది, జనం మనకు ఎప్పుడూ వెయ్యరట."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. వచ్చిన ఏడాదిన్నరలో ఆ పిల్ల నోట ఈ దేశం గురించి 'మన' అనే మాట రావడం అదే మొదలు. మా ఆవిడ కూడా విన్నది, గరిటె పట్టుకుని నా వైపు చూసింది. ఆ సంతోషంలో నోరు జారాను. "ఎందుకు రావమ్మా? ఈసారి వస్తయి. నేను చూసుకుంట" అన్నాను. పంచాయతీ వార్డు గురించి కాదు, ఒక ఖండం గురించి అంటున్నానని ఆ క్షణంలో తోచలేదు.

ఆ రాత్రే నియమాలన్నీ చదివాను. మొదటి దెబ్బ అక్కడే తగిలింది. ఏ దేశంలో ఉన్నవాళ్లు ఆ దేశానికి ఓటు వేయకూడదట. అంటే జర్మనీని గెలిపించడానికి జర్మనీలో ఉన్న ఎనిమిది కోట్ల మందీ పనికిరారు. (ఇంత పెద్ద వర్గాన్ని ఒక్క గీతతో ఓటరు జాబితా నుంచి కొట్టేసిన ఎన్నిక నేను ఎక్కడా చూడలేదు.) రెండోది, ప్రతి దేశంలోనూ మొదటి పది స్థానాల్లో ఉన్న పాటలకే పాయింట్లు. నేను మూడు రోజులు కిటికీకీ వంటింటికీ మధ్య నడిచి ఒక వ్యూహం పన్నాను. పెద్ద దేశాల జోలికి పోకూడదు, సముద్రంలో ఉప్పు వేసినట్టే. జనం తక్కువున్న దేశం చూడాలి, అక్కడ మనవాళ్లు ఉండాలి. ఒక్కో ఫోను నుంచి ఇరవై ఓట్లు వేయవచ్చు. చిన్న దేశం, తెలుగు పిల్లలతో నిండిన హాస్టలు. ఆ రెండూ కలిసిన చోటు యూరప్‌లో ఒక్కటే తట్టింది: లాత్వియా. మా బావమరిది అక్కడ ఎం.ఎస్. చదువుతున్నాడు.

"మనోళ్లు ఎంతమంది ఉన్నర్రా?" అని ఫోన్ చేశాను.

"నలభై మంది పైనే బావా. గ్రూపుల అందరు మనోళ్లే. ఒక్క మాట చెప్తె సాలు, గుద్దుతరు."

"జర్మనీకి గుద్దాలె. ఇంకో పాట మంచిగున్నదని అటు వోవద్దు."

"పాటతోని మనకేం పని బావా. నువ్వు చెప్పినవు, అయిపాయె."

పక్కనే ఉన్న మా ఆవిడ విని, "వానికి పరీక్షలున్నయి. చదువుకోనియ్యవా?" అంది. నలభై ఇంటూ ఇరవై ఎనిమిది వందలని, అంత చిన్న దేశంలో ఎనిమిది వందలంటే మాటలు కాదని చెప్పబోయాను. "ఔ మరి. కరోనా ఉగాది లోపల పోతదని కూడ లెక్క తీసినవు. ఉగాది రెండుసార్లొచ్చింది" అంది. నేను మళ్లీ కిటికీ వైపు నడిచాను.

పోటీ రోజు సాయంత్రం ఒమా తన టీవీని కిటికీ వైపు తిప్పి పెట్టింది. మేం పెరట్లో కుర్చీలు వేసుకుని, దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాం. రాత్రి పదయ్యాక కుళాయి చప్పుడు కూడా వినిపించకూడదనే మనిషి, ఏడాదికి ఈ ఒక్క రాత్రికి మినహాయింపు ఉందంటూ టీవీ గొంతు పెంచేసింది. మా ఆవిడ మిర్చిబజ్జీలు చేసి తెచ్చింది. ఒమా ఒకటి తిని కళ్లనీళ్లు పెట్టుకుంది, అయినా రెండోది అడిగింది. చిన్ని ఒక దుప్పటి అంచు పట్టుకుని ప్రతి పాటకూ తీర్పు చెబుతోంది. జర్మనీ పాట వచ్చినప్పుడు లేచి గంతులు వేసింది. అది మరీ చిలిపి పాట. చూస్తున్నప్పుడే నాలోని పంచాయతీ విశ్లేషకుడు "అభ్యర్థి బలహీనుడు" అని చెవిలో గొణిగాడు. వాడి నోరు మూయించి నేను ఎనిమిది వందల ఓట్లను తలుచుకున్నాను. కుర్చీలో రెండు నిమిషాలు కూర్చోలేకపోయాను. "హేర్ నాహ్‌బార్, పొరుగింటాయనా, కూర్చోండి, మీరు నాకు తెర అడ్డం" అని ఒమా రెండుసార్లు మందలించింది.

ఓటింగ్ మొదలైంది. గేటు పక్కకు వెళ్లి బావమరిదికి ఫోన్ చేశాను.

"బావా, పోరగాండ్లకు అయితలేదట" అన్నాడు.

"ఏం అయితలేదు?"

"ఓటు. యాప్ తెరిస్తె మీ దేశం ఈ పోటీల లేదంటుందట."

"ఎట్ల లేదురా? లాత్వియా పాట ఫైనల్‌కు రాకున్నా ఓటు మాత్రం ఉంది. నేను చదివిన."

"లాత్వియా ఉంది బావా. పోరగాండ్లు లాత్వియాల లేరు."

నా కాళ్లు మొట్టమొదటిసారి ఒకచోట నిలిచాయి. "మరి యాడున్నరు?"

"కొందరు కరీంనగర్ల, కొందరు జగిత్యాలల, ఇద్దరు వరంగల్ల. క్లాసులు ఆన్‌లైన్ గద బావా. పోయినేడే ఇండ్లకు వోయిరి, మళ్ల రానిస్తలేరు."

"నలభై మంది ఉన్నరంటివి గదరా!"

"గ్రూపుల ఉన్నరన్న. హాస్టల్ల నేను, ఇంకో నలుగురే."

అప్పుడు వాళ్లకు తెల్లవారుజాము మూడు కావస్తోంది. అన్ని ఇళ్లలోనూ ఎవరో ఒకరు దగ్గుతున్న రోజులవి. ఈ వేళప్పుడు వాళ్లెందుకు మేలుకున్నారురా అన్నాను. "మా చిన్ని పాట అని చెప్పిన బావా. అలారాలు పెట్టుకొని లేశిన్రు. ఇంక ఏదన్న ఉపాయముంటె చెప్పమంటున్నరు" అన్నాడు. ఉపాయమేమీ లేదు, పడుకోమని చెప్పు అన్నాను. ఎనిమిది వందలు వందకు దిగింది.

తర్వాతిది మీరు ఊహించే ఉంటారు. న్యాయనిర్ణేతలు జర్మనీకి పోనీలెమ్మని విదిలించింది మూడే పాయింట్లు. ఇక జనం వంతు. వ్యాఖ్యాత జర్మనీ పేరు చదివి, జాలిగా నవ్వి, సున్నా అన్నాడు. ఖండం మొత్తం మీద సున్నా. ఆ రాత్రి ఆతిథ్యమిచ్చిన దేశంతో కలిపి మరో మూడు దేశాలకు కూడా జనం నుంచి సున్నాయే వచ్చింది. కానీ సున్నాలు పంచుకున్నంత మాత్రాన తేలికవుతాయా? ఒమా కళ్లజోడు తీసి తుడుచుకుంది. చిన్ని నా వైపు ఒక్కసారి చూసింది. "వస్తయన్నవు గద డాడీ" అంది. దుప్పటి మడత పెట్టి పైకి వెళ్లిపోయింది. దుప్పటిని అంత చక్కగా మడత పెట్టడం చూసి నాకు భయమేసింది. మళ్లీ 'సరే'ల కాలం వచ్చిందనుకున్నాను.

నిద్ర పట్టలేదు. పొద్దున్నకల్లా దానికి చెప్పడానికి ఒక లెక్క తయారు చేసుకున్నాను. సున్నా అంటే ఎవరూ వేయలేదని కాదమ్మా, ఎక్కడా మొదటి పదిలోకి రాలేదని మాత్రమే. మీ మామయ్యవీ ఆ నలుగురివీ వంద ఓట్లు లాత్వియాలో నిజంగా పడ్డాయి, ఆ సున్నా లోపల అవి ఉన్నాయి. ఈ మాటలు నాలుగైదు రకాలుగా సరిచూసుకుని దాని గదిలోకి వెళితే మంచం ఖాళీ. కిటికీలోంచి చూస్తే పెరట్లో బల్ల మీద కూర్చుని ఉంది. ఒమా దాని ఫోన్‌లోకి కళ్లు చికిలించి చూస్తూ పగలబడి నవ్వుతోంది.

కిందికి పరుగెత్తాను. "ఏందమ్మా?" అన్నాను.

"క్లాస్ గ్రూపుల అందరు రాత్రి నుంచి తిట్టుకుంటున్నరు డాడీ, నుల్ పుంక్టె, సున్నా పాయింట్లు అని. నేను మన లాత్వియా ప్లాన్ రాసిన."

"ఏం రాసినవు?"

"కరీంనగర్‌ల నలభై మంది జర్మనీకి ఓటేద్దామని నైటంతా లేశున్నరు, యాప్ వద్దన్నది అని. ఎవరు నమ్మలేదు. మామ పోరగాండ్ల ఫోటోలు పంపిండు, అవి పెట్టిన."

ఫోన్ అందుకుని చూశాను. నిద్రమొహాల కుర్రాళ్లు, చేతిలో ఫోన్లు, ఒకడి భుజం మీద వాళ్ల నానమ్మ తల. వాటి కింద చిన్ని క్లాసు పిల్లల మాటలు వరదలా ఉన్నాయి. ఏడాదిన్నరగా దీని పేరు పలకని వాళ్లు ఒకరి తర్వాత ఒకరు రాస్తున్నారు. వచ్చే ఏడు కూడా అడగమని ఒకరు, కరీంనగర్ ఎక్కడని ఒకరు, పండగ సెలవులయ్యాక క్లాసులో నువ్వే చెప్పాలని ఇంకొకరు. నేను తయారు చేసుకున్న లెక్క నోట్లోనే ఉంది. అయినా అప్పజెప్పాను: "సున్నా అంటే ఎవరు వెయ్యలేదని కాదమ్మా..."

"డాడీ, సున్నా అంటే సున్నానే" అంది, ఫోన్ లాక్కుంటూ. "ఊకో, టైప్ చేస్తున్న."

బుధవారం దాని మైకు తెరుచుకుంది. గోడ అవతల కూర్చుని పని చేస్తున్నట్టు నటిస్తూ విన్నాను. నాకు సగం అర్థం కాలేదు, కానీ 'కరీంనగర్' అని మూడుసార్లు వినిపించింది.

ఇప్పుడు చిన్ని కాలేజీ చదువుకు సిద్ధమవుతోంది. పాటల పోటీ మాతో చూడదు, స్నేహితులతో వెళుతుంది. ఒమాకూ మాకూ బజ్జీలు మాత్రం మామూలే. ఆ రోజుల్లో ఒక్క 'మన' కోసం ఖండమంతా గాలించి ఓట్లు పోగేసిన ఆ రెండేళ్ల పసివాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా వేస్తుంది. మొన్న నేను ఇండియా క్రికెట్ మ్యాచ్ చూస్తూ, కూర్చోలేక, టీవీకీ కిటికీకీ మధ్య తిరుగుతున్నాను. చిన్ని బయటి నుంచి వచ్చి బూట్లు విప్పుతూ అడిగింది:

"ఏమైంది డాడీ, మీ వాళ్లు గెలిచిన్రా?"

"గెలిచిన్రమ్మా" అన్నాను.

"సూపర్" అని నా భుజం తట్టి లోపలికి వెళ్లింది. ఆతిథ్యమిచ్చిన దేశం వాళ్లు అతిథిని పలకరించినంత మర్యాదగా ఉంది ఆ తట్టడం. నేను టీవీ కట్టేసి కాసేపు కూర్చున్నాను.