లారీ కిందికి దూరని మేస్త్రీ

షెడ్డులో అందరూ ఆయన్ని పందికొక్కు మేస్త్రీ అనేవారు. ఎదురుగా కాదనుకోండి. ఎంత ఇరుకైన లారీ కిందికైనా వెల్లకిలా జారిపోయి, లోపలి నుంచే కబుర్లు చెబుతూ గేరుబాక్సు దించేసేవాడు. బతుకులో సగం ఇంజన్ల అడుగుభాగం చూస్తూ గడిపిన మనిషి. "వెన్ను నేలకు ఆనితే చాలు, నాకు ఎక్కడలేని బుద్ధీ పుట్టుకొస్తుంది," అని గొప్పలు పోయేవాడు.

అలాంటివాడు ఉన్నట్టుండి కిందికి దూరడం మానేశాడు. స్టూలు వేసుక్కూర్చుని, "నువ్వు వెళ్లరా, ఇంకెప్పుడు నేర్చుకుంటావు?" అని తనతోపాటు షెడ్డులోనే పనిచేసే బామ్మర్దిని పంపడం మొదలుపెట్టాడు. నలభై దాటి, తలలో వెండి తీగలు మొలిచిన బామ్మర్దికి ఒళ్లు మండిపోయింది. బావకి యజమాని పోకడలొచ్చాయని, చొక్కా నలుగుతుందని భయమని టీకొట్టు దగ్గర కనబడ్డవాడికల్లా చెప్పుకున్నాడు.

అసలు సంగతి వేరు. వెల్లకిలా పడుకుంటే మేస్త్రీకి ఊపిరి అందడం లేదు. లేచి కూర్చుంటే తప్ప ప్రాణం కుదుటపడేది కాదు. ఇంట్లోనూ గోడకు చేరగిలబడే కునుకు తీసేవాడు. భార్య అడిగితే గ్యాసన్నాడు. కొన్నాళ్లు డీజిలు పొగ అన్నాడు. రాత్రి తిండి తగ్గించి చూశాడు, సిగరెట్టు మానేశాడు. సాయంత్రానికి పాదాలు ఉబ్బి చెప్పులు పట్టకపోతే, నిలబడి చేసే పని కదా అని సర్దిచెప్పుకున్నాడు. పొద్దస్తమానం స్టూలు మీదే కూర్చుంటున్న మనిషి! తనను తాను నమ్మించుకోవడంలో మనకున్న తెలివి మరెందులోనూ ఉండదు.

ఒకరోజు బామ్మర్ది అందరి ముందూ నోరు జారాడు. "ఏం బావా, చొక్కా నలుగుతుందా?" షెడ్డంతా నవ్వింది. మేస్త్రీ లేచి, రిపేరుకొచ్చిన బస్సు కిందికి దూరాడు. ఒక్క బోల్టు విప్పాడో లేదో, పాక్కుంటూ బయటికొచ్చి చక్రానికి ఆనుకుని, గాలి కోసం నోరు తెరిచి కొట్టుకున్నాడు. బామ్మర్దికి పైప్రాణాలు పైనే పోయాయి. ఆటో పిలిచిందీ, అక్కకి కబురు పెట్టిందీ అతనే.

ఆస్పత్రిలో డాక్టరమ్మ పడుకోమంది.

"వద్దమ్మా, ఒళ్లంతా గ్రీజు. దుప్పటి పాడవుతుంది."

"పర్లేదు, ఉతికిస్తాం. పడుకోండి."

"కూర్చోబెట్టే చూడండమ్మా."

భార్య ఆయన భుజమ్మీద చెయ్యి వేసింది. మేస్త్రీ తల దించుకున్నాడు. "పడుకోలేనమ్మా. పడుకుంటే పోతానేమోనని భయం," అన్నాడు. ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు.

డాక్టరమ్మ తలవైపు మంచం ఎత్తించి, మిషను పెట్టి గుండె చూసింది. పడుకుంటే ఆయాసం రావడానికి చాలా కారణాలుంటాయట. ఉబ్బసం కావచ్చు, ఊపిరితిత్తుల జబ్బు కావచ్చు, పొట్టలో పులుపు పైకి తన్నడం, ఒంటి బరువు, ఒక్కోసారి ఉత్త కంగారు కూడానట. "మీకు మాత్రం గుండె నీరసించింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోంది. మందులతో అదుపులో ఉంటుంది, ఉప్పు తగ్గించాలి. బళ్ల కిందికి దూరే సంగతి మాత్రం ఇప్పట్లో అడక్కండి," అంది.

మేస్త్రీ బయటికొచ్చేసరికి బెంచీ మీద కూర్చున్న బామ్మర్ది కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఒక్క మాట చెబితే ఏం పోయేది బావా? ఊరంతా నిన్ను తిట్టిపోశాను కదా!"

"అందుకే చెప్పలేదురా. నువ్వు తిడుతున్నన్నాళ్లూ నాకేం కాలేదనిపించేది."

బామ్మర్ది ఏదో తిట్టబోయాడు. ఆ తిట్టు మింగేసి, బావ చెయ్యి తన భుజమ్మీద వేసుకున్నాడు.