నడుమెత్తు పొయ్యి

మీ ఇంట్లో ఒక మనిషి నడుము వంచకుండా ఒక్క పూట గడపగలడా? ఎప్పుడైనా చూశారా?

మొన్న నంద్యాలలో ఒక మిత్రుడి ఇంటికి వెళ్లాను. పదిహేనేళ్ల మనవడికి వంకర తిరిగిన వెన్నెముకకు ఆపరేషన్ చేయించి తెచ్చారు. వచ్చినవాళ్లంతా ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి మెచ్చుకుంటున్నారు. నేలమీద వడ్డించిన కంచం ముందు కూర్చోలేక పిల్లవాడు గోడకు ఆనుకొని నిలబడ్డాడు. ఇదివరకైతే నాకు కోపం వచ్చేది. ఇప్పుడు అలసట వచ్చింది.

డెబ్బైల చివర ఆళ్లగడ్డలో మా అక్క కూతురిదీ ఇదే సంగతి. మద్రాసులో వెన్నులో ఉక్కు కడ్డీ వేశారు. నెలల తరబడి ఒంటికి సిమెంటు కట్టు. అది విప్పాక పిల్ల నిటారుగా నిలబడింది. అహోబిలం స్వామి దయ అని వాళ్ల అవ్వ, డాక్టరు చేతి పనితనమని నేను. మా వాదన పగలంతా సాగేది. వంగకూడని ఆ పిల్లకు మాత్రం కడవ, చీపురు, పొయ్యి అన్నీ నేలమీదే.

"మామా, మీ వాదన తెగేలోపల ఎవురన్నా కాసిన్ని కాఫీ కాసియ్యండి. ఆ పొయ్యి కాడికి నేను వంగల్యాను," అంది ఒకరోజు. "నాయన చెక్కే బొమ్మలే నయం. ఆటిని కొనుక్కోని యాడికన్నా తీస్కపోతారు. నన్ను ఈడ్నే నిలబెట్నారు."

విగ్రహాలు చెక్కే మా బావ మరునాడు పనిచేసే చోటి నుంచి బండలు తెచ్చి వంటింట్లో నడుమెత్తున అరుగు కట్టి, దానిమీద పొయ్యి పెట్టాడు.

"నిలబడి వండితే ఇంటికి అరిష్టం," అంది అవ్వ.

"అరిష్టం సంగతి నేను సూసుకుంటాలేమ్మా. నువ్వు రవ్వంత పక్కకు జరుగు," అన్నాడు బావ.

పిల్ల కాచిన మొదటి కాఫీ అవ్వ ముట్టలేదు. కొన్నాళ్లకు ఆ అరుగు దగ్గరే నిలబడి మిరపకాయలు వేయిస్తూ పిల్లకు పట్టుబడింది.

"అరిష్టం యాడికి పాయ అవ్వా?"

"నా మోకాళ్ల నొప్పిని ఎంటబెట్టుకోని పోయిందిలే."

పిల్ల నొప్పి మాత్రం పోలేదు. ఎనభైల్లో కూడా నంద్యాల బస్సు కుదుపులకు పళ్లు బిగించి కూర్చునేది. అయినా తన కాఫీ తానే కాచుకుని వేడిగా తాగేది. బాగైందని అందరూ అన్న చాలా రోజులకు, నేను చూసిన బాగు అదే.

నలభై ఏళ్లు దాటింది. వెన్నులో వేసే కడ్డీలు మారాయి, మన గడపలోపల కాలం కదలలేదు. ఆ ఎక్స్‌రే కింద పెట్టండి. పిల్లవాడి కంచం పైకెత్తండి.