ఊపని కప్పు

ఇవాళ సాయంత్రం మా ఆవిడ పాయసంలోకని ఏలకులు దంచింది. ఆ వాసన వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వరండాలోకి నడిచొచ్చి నేరుగా నా గొంతు పట్టుకుంది. మామూలు మనుషులకు ఏలకుల వాసనొస్తే పాయసం గుర్తొస్తుంది. నాకు మాత్రం ఒమన్ దేశపు ఎడారి, పొడవాటి ముక్కున్న ఇత్తడి కూజా, ఆ కూజా వెనకాలే మా పక్కింటి హైమావతి టీచరు గుర్తొస్తారు. వెంటనే కడుపులో మంట మొదలవుతుంది. డాక్టరు దాన్ని గ్యాస్ అన్నాడు. నాకు తెలుసు, అది అసూయ. ఆవిడ పోయి ఏడాది దాటినా ఏ మందుకీ లొంగడం లేదు.

తిరువూరులో నాకు ఎరువుల కొట్టుంది. పగలు యూరియా అమ్ముతాను, సాయంత్రం మా వరండాలో కబుర్లు ఉచితంగా పంచుతాను. గిరాకీ అంతా రెండోదానికే. ప్లాస్టిక్ కుర్చీలు నావే, టీ నాదే, అబద్ధాలూ నావే. గంపలగూడెం రోడ్డు మీద అడ్డంగా పడుకున్న కొండచిలువ కథ చెప్పానంటే, దాని తల వినగడపలో ఉండేది, తోక ఇంకా విస్సన్నపేటలో బయలుదేరుతూ ఉండేది. జనం నోళ్లు తెరుచుకుని వినేవాళ్లు. సరిగ్గా అప్పుడే పిట్టగోడ అవతల మల్లెమొక్కలకు నీళ్లు పోస్తూ హైమావతి టీచరు అనేవారు, "ప్రసాదూ, ఆ పామును సగానికి కొయ్యి. మిగిలిన సగమైనా ఒక బస్సు కింద పట్టేట్టు చూసుకో."

ఆ మాట అనే హక్కు ఆవిడకుంది. ఆరో తరగతిలో నాకు సోషల్ చెప్పింది ఆవిడే. పరీక్షలో నేను కృష్ణానది పొడవుకు ఒక సున్నా ఎక్కువ తగిలిస్తే ఆవిడ తిట్టలేదు, కొట్టలేదు. నన్ను ప్రపంచపటం దగ్గరికి పిలిచి, బెత్తం చివరతో బంగాళాఖాతం, దాని అవతలి దేశాలు వరసగా చూపించి, ఈ లెక్కన మన కృష్ణ వీటన్నిటినీ ముంచేసి పోవాలి కదా అని అడిగారు. క్లాసంతా నవ్వింది. నవ్వు ఎలా పుట్టించాలో నాకు ఆ రోజే తెలిసింది. దాన్ని ఎక్కడ ఆపాలో మాత్రం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ వైనమే ఇది.

రిటైరైన కొన్నేళ్లకు టీచరు గారు ఒమన్ చూడ్డానికి వెళ్లారు. ఆవిడ తమ్ముడి కూతురు బెజవాడ టూరు వాళ్ల దగ్గర సీటు బుక్ చేసింది. ఉద్యోగమంతా బెత్తంతో పటం మీద తాకిన సముద్రాన్ని ఒక్కసారి కాలితో తాకొద్దామని ఆవిడ సరదా. నాకేమీ అనిపించలేదు. ఏం చూసినా రెండు ముక్కల్లో తేల్చేసే మనిషి, తిరిగొచ్చి మాత్రం ఏం చెబుతుంది అనుకున్నాను. ఆవిడ వచ్చిన రోజు వీధి వీధంతా కాశీ నుంచి వచ్చిన మనిషిని చూసినట్టు ఎగబడింది. రిటైర్డ్ కండక్టరు కోటేశ్వరరావు గారి భార్య ఏకంగా ఆవిడ కాళ్లకు దణ్ణం పెట్టేసింది. టీచరు గారు గంగ చెంబు బదులు తలా నాలుగు ఖర్జూరాలు చేతిలో పెట్టారు. మర్నాడు సాయంత్రం నేను కొట్టు కట్టేసి ఇంటికొచ్చేసరికి వరండా బోసిపోయింది. జనం పోతే పోయారు, కుర్చీలు కూడా లేవు. నా కుర్చీలు, నా డబ్బుతో కొన్న కుర్చీలు, పక్కింటి వాకిట్లో అర్ధచంద్రాకారంలో కూర్చుని ఆవిడ మాటలు వింటున్నాయి.

నేను పిట్టగోడ దగ్గర చేరి, లేని మొక్కలకు నీళ్లు పోస్తూ విన్నాను. నిజ్వా అనే ఊళ్లో కోట ఉందట. తలుపు దాటి లోపలికొచ్చిన శత్రువు నెత్తిన పడేట్టు పైన ఒక కంత ఉందట. అందులోంచి సలసల కాగే ఖర్జూరపు పాకం పోసేవారట. "అంతే," అని ఆగారు టీచరు గారు. వీధంతా ఊపిరి బిగబట్టింది. వాళ్ల అత్తగారు అరిసెలకు పట్టిన పాకమైతే ఏనుగులు కూడా అక్కడే అతుక్కుపోయేవని కోటేశ్వరరావు గారు నిట్టూర్చారు. ఇంకో రోజు కొండల్లోంచి తోటలకు పారే సన్నటి కాలువల గురించి, గడియారాలు లేని రోజుల్లో నీడను చూసి నీళ్ల వంతులు పంచుకోవడం గురించి చెప్పారు. మామిడితోటల వాళ్లు కుర్చీల అంచుకు జరిగారు. సూర్ రేవులో చెక్క ఓడలు కట్టే చోటు గురించి, వాటికి మన దేశం నుంచే టేకు వెళ్లేదని చెప్పారు. ఓడ ఎంత ఉంటుందని ఎవరో అడిగితే "మన మార్కెట్ యార్డు షెడ్డంత" అన్నారు. నేనైతే ఆ ఓడలో తిరువూరు మొత్తాన్ని ఎక్కించి, చోటు మిగిలితే నూజివీడును కూడా రమ్మనేవాణ్ణి. అయినా నా కొండచిలువకు ఏనాడూ దొరకని నిశ్శబ్దం ఆవిడ షెడ్డుకు దొరికింది.

నాలుగో రోజు ఆవిడ నన్ను చూసేశారు. "గోడ దగ్గరేం చేస్తున్నావు ప్రసాదూ, ఇటు రా. ఇవాళ ఎడారిలో కాఫీ ఎలా తాగుతారో చెబుతున్నాను. పనికొచ్చే సంగతి."

కాఫీ తాగడం నాకొకరు నేర్పక్కర్లేదు టీచరు గారూ అని విసురుగా లోపలికెళ్లి టీవీ సౌండు పెంచేశాను. ఆ రాత్రే నిశ్చయించుకున్నాను. అదే టూరుకు వెళ్లాలి. ఆవిడ చూసిన ఒమన్‌కు పదింతల ఒమన్‌ను మోసుకురావాలి. నా కుర్చీలు నా వరండాకు తిరిగి రావాలి. ఆవిడ వెళ్లిందనే కదూ అని మా ఆవిడ సుజాత అడిగింది. చారిత్రక ఆసక్తి అన్నాను. "మొన్న కొండపల్లి కోటకు రమ్మంటే మోకాళ్లన్నారు?" అంది. ఎడారిలో మెట్లుండవని చెప్పి తప్పించుకున్నాను.

ఒమన్‌లో దిగిన దగ్గర్నుంచీ, ఆవిడ చెప్పినదాంట్లో ఒక్క అబద్ధమైనా దొరక్కపోతుందా అని భూతద్దం పెట్టి వెతికాను. కంత అక్కడే ఉంది. కాలువ అంతే సన్నగా ఉంది. ఓడ కచ్చితంగా మార్కెట్ యార్డు షెడ్డంతే ఉంది, రేకులొక్కటే తక్కువ. నాకు ఏడుపొచ్చింది. చివరికి ఎడారి గుడారంలో కూర్చోబెట్టి ఒక పెద్దాయన ఖర్జూరం పెట్టి, చెవి లేని బుల్లి కప్పులో ఏలకుల కాఫీ పోశాడు. తాగాను. మళ్లీ పోశాడు. మర్యాదకు "చాలండి, చాలండి" అన్నాను. మనింట్లో అలా అంటే వడ్డించేవాళ్లకు ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. ఆయన చిరునవ్వు నవ్వి మళ్లీ పోశాడు. వదిలేస్తే అవమానమేమోనని తాగాను. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినట్టు కప్పు మీద చెయ్యి పెట్టాను. చెయ్యి తీసేదాకా ఓపిగ్గా నిలబడి, తీయగానే పోశాడు. గుండె బ్యాండుమేళంలా మోగింది. ఎదురుగా ఉన్న ఒంటెకు రెండు తలలు కనిపించాయి. నా తెలుగు మర్యాదకీ ఆయన అరబ్బు మర్యాదకీ మధ్య నా ప్రాణం పోయేదే, ఇంతలో గైడు సలీం పరిగెత్తుకొచ్చి నా చేతిలోని కప్పును అటూ ఇటూ రెండుసార్లు ఊపాడు. పెద్దాయన టక్కున కూజా దించేశాడు. కప్పు ఊపితే ఇక చాలని అర్థమట. ఇంతేనా!

అంతటితో వదిలేసినా బాగుండేది. మాది తిరువూరని తెలిసి సలీం ముఖం వెలిగిపోయింది. ఆ ఊరి టీచరమ్మ తెలుసా అని హిందీలో అడిగాడు. అందరూ ఒంటెల మీద ఫొటోలు దిగుతుంటే ఆవిడొక్కరే ఈ పెద్దాయన పక్కన కూర్చున్నారట. ఎవరూ చెప్పకుండానే, పక్కవాణ్ణి చూసి మొదటి కప్పుకే ఊపేశారట. ఎడారిలో కూడా ఆవిడకు శ్రోతలున్నారు. నాకు కాఫీ దిగింది కానీ ఆ మాట దిగలేదు.

తిరిగొచ్చాక మర్యాదకు నా కుర్చీలు నా వరండాకు వచ్చాయి. చివరి కుర్చీలో టీచరు గారు కూడా కూర్చున్నారు. నేను ఇసుక తుఫానుతో మొదలుపెట్టి, ఆకాశాన్ని గీరుకునే ఇసుక కొండలు ఎక్కించాను. ఆ దిబ్బలు మన వాటర్ ట్యాంకంతే ఉంటాయని టీచరు గారు చెప్పారే అని కోటేశ్వరరావు గారు సందేహం వెలిబుచ్చారు. కుర్చీ కాళ్లు కిర్రుమన్నాయి. ఒకాయన చెప్పుల కోసం వంగాడు. అన్నీ చేజారిపోతున్నాయి. ఇక గతిలేక ఆ కాఫీ సంగతి ఎత్తాను. ఒక్క సున్నా కూడా కలపలేదు, కలిపే ఓపిక లేదు. కప్పు మీద చెయ్యి అడ్డం పెట్టానని చెప్పగానే ముందువరస మొత్తం చేతులెత్తి, లేని కప్పులను అటూ ఇటూ ఊపింది. వెనకవరస అందుకుంది. ఊరంతటికీ తెలిసిన సంగతి నాకొక్కడికే తెలియదు! ఆ రోజు నవ్వినట్టు మా వరండా మళ్లీ నవ్వలేదు. టీచరు గారు కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "దీంట్లో కొయ్యడానికేమీ లేదు ప్రసాదూ," అన్నారు.

మర్నాడు పిట్టగోడ మీదుగా, అక్కణ్ణుంచి తెచ్చుకున్న బుల్లి కప్పును నా చేతికిచ్చారు. వద్దన్నాను.

"ఉంచుకో. నేను మొదటి కప్పుకే ఊపేశాను, చెప్పుకోడానికి నా దగ్గరేం మిగల్లేదు. నిజం చెప్పనా, నీ కాఫీ మీద నాకు అసూయగా ఉంది," అన్నారు.

ఎన్నాళ్ల నుంచో ఆవిడ మీద నేను ఏడ్చిన ఏడుపుకు ఆవిడ ఒక్క మాటలో వడ్డీతో సహా బదులు తీర్చేశారు. అందులోనూ ఆవిడదే పైచేయి. నాకు ఆ మాట పైకి అనే ధైర్యం ఏనాడూ రాలేదు.

ఆవిడ పోయిన రోజు కూడా నా కుర్చీలన్నీ పక్కింటికే వెళ్లాయి. ఈసారి నేనే మోశాను. అన్నీ నిండిపోయి జనం రోడ్డు దాకా నిలబడ్డారు. సున్నా కలపడం లేదు, నిజంగానే రోడ్డు దాకా. నేను పోయినప్పుడు ఇంతమంది వస్తారా అని అక్కడ కూడా కుళ్లుకున్నాను.

ఇప్పుడు నా కొండచిలువ ఒక బస్సు కింద పట్టేస్తుంది. జనం ఇంకా వస్తూనే ఉన్నారు. ఇందాక సుజాతను అడిగి ఆ కప్పులో కాస్త ఏలకుల కాఫీ పోయించుకున్నాను. గుక్కెడే కదా, వెంటనే అయిపోయింది. పక్కింటి వాకిట్లో మల్లెలకు ఇప్పుడు వేరే ఎవరో నీళ్లు పోస్తున్నారు. సుజాత గిన్నె పట్టుకుని ఇంకా కావాలా, చాలా అన్నట్టు నా చేతి వంక చూసింది.

కప్పు కదలకుండా పట్టుకున్నాను.