ఎర్ర గాజుల సూరమ్మ

నా చిన్నప్పుడు నాకు ముక్కు మీదే కోపం ఉండేదని మా ఇంట్లో అందరూ అనేవారు. అబద్ధమేమీ కాదు. అయితే ఆ ఊడ్పుల రోజు వచ్చిన కోపం మాత్రం న్యాయమైనదేనని ఇప్పటికీ వాదిస్తాను.

మాది యానాంలో కనకాలపేట. ఎనభైల మొదట్లో మా పక్కింటి అక్క ఆ చుట్టుపక్కల పేరున్న పాటగత్తె. మెట్టకూరు నుంచి కోడలిగా వచ్చింది. పెళ్ళయినా జాతరయినా మైకు ఆమె చేతిలో ఉండాల్సిందే. సొంతంగా కట్టిన పాటలు తక్కువ. పాతవాళ్ళ పాటలు తీసుకుని, ఒకచోట కోసి ఇంకోచోట అతికించి, వరస మార్చి పాడేది. జనం పడీ పడీ నవ్వేవారు. వాటిలో సగం మా అమ్మమ్మ ఫ్రెంచివాళ్ళ కాలంలో కట్టినవని మా ఇంట్లో గొప్పగా చెప్పుకునేవాళ్ళం. అమ్మమ్మకి అప్పటికే గొంతు పోయింది, నడుము వంగేది కాదు. అందుకని పాటలన్నీ అక్క పాలయ్యాయి.

వాటిలో ఒకదాంట్లో "ఏటి గట్టున ఎవరమ్మా, ఎర్ర గాజుల సూరమ్మా" అని వస్తుంది. సూరమ్మ మా అమ్మకి అక్క. ఐదేళ్ళకే జ్వరంతో పోయింది. ఫోటో లేదు, బట్ట ముక్క కూడా లేదు. ఆ పిల్ల ఈ భూమ్మీద తిరిగిందనడానికి మిగిలింది పాటలో ఆ ఒక్క మాట.

అలాంటి మాటని అక్క ఏం చేసిందో చూడండి. అప్పుడే మా చేలల్లో తాడు కట్టి వరసగా ఊడ్చడం కొత్తగా వచ్చింది. ఆడవాళ్ళంతా తాడు వెంబడి నారు నాటాలి. అందరిదీ పూర్తయితే గాని తాడు ముందుకు జరగదు. ఒక్కరు నిదానించినా మిగతావాళ్ళు బురదలో ఎదురుచూస్తూ నిలబడాలి. అందుకని అక్క సూరమ్మని పీకేసి, ఎవరు వెనకబడితే వాళ్ళ పేరు అక్కడ పెట్టేది. "ఏటి గట్టున ఎవరమ్మా, ఎనకబడ్డ వీరమ్మా!" అనగానే వీరమ్మ సిగ్గుపడి చెయ్యి జోరు చేసేది, అందరూ నవ్వేవాళ్ళు, తాడు జరిగేది.

బడి లేని రోజున అమ్మకి అన్నం క్యారేజీ తీసుకెళ్ళి, గట్టు మీద నిలబడి ఇదంతా విన్నాను. ఒళ్ళు మండిపోయింది. "మా పెద్దమ్మ పేరు ఎందుకు తీసేశావు? అది మా అమ్మమ్మ పాట!" అని అరిచాను.

"నోర్ముయ్యవే" అంది మా అమ్మ.

అక్క మాత్రం నడుము నిటారు చేసి, చేతి బురద దులుపుకుంటూ, "అయితే నువ్వే దిగవే. నువ్వు చెప్పు పాట, మేం అందుకుంటాం" అంది.

దిగాను. అమ్మమ్మ నేర్పినట్టే, ఒక్క అక్షరం పోనివ్వకుండా పాడాను. సూరమ్మ పేరు వచ్చేసరికి మా అమ్మ చేతులు ఆగిపోయాయి. చిన్నప్పుడు సూరమ్మని చంకనేసుకు తిరిగిన ముసలామె ఒకావిడ మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. ఎవరికీ అందుకోవడానికి నోరు రాలేదు. తాడు ఉన్నచోటే ఉంది. "ఏంటమ్మా, ఊడుస్తున్నారా, శోకాలు పెడుతున్నారా?" అని మేస్త్రి కేకేశాడు. నేను తెల్లమొహం వేసుకుని నిలబడ్డాను.

అక్క నా వంక చూసి, "ఏటి గట్టున ఎవరమ్మా, ఎర్రిమొగం పిల్లమ్మా!" అని ఎత్తుకుంది. చేనంతా ఘొల్లుమంది. మా అమ్మ కూడా నవ్వింది. అది నేను చాలా రోజులు క్షమించలేదు.

"ఆ పేరు పెడితే చేతులాడవే తల్లీ. ఏం చెయ్యమంటావు?" అంది అక్క, నన్ను గట్టెక్కిస్తూ.

ఏడ్చుకుంటూ ఇంటికొచ్చి అమ్మమ్మకి అన్నీ చెప్పాను. అక్కని దుమ్మెత్తి పోస్తుందని నా ఆశ. ఆవిడేమో బోసినోటితో నవ్వి, "నేను మాత్రం తక్కువ తిన్నానా? అసలా పాట మా అత్తది. అక్కడ ఇంకెవరి పేరో ఉండేది. పిల్ల పోయాక అది తీసేసి సూరమ్మని పెట్టుకున్నాను" అంది.

"ఎవరి పేరు?"

చెప్పబోయి ఆగింది. పాట మొదటినుంచీ సన్నగా తీసింది. ఆ చోటికి వచ్చేసరికి సూరమ్మే వచ్చింది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ సూరమ్మే. ముఖంలో నవ్వు పోయింది. "ఆ పేరు అన్నప్పుడల్లా మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకునేదే. ఎవరో ఏమో, నేను అడగనేలేదు" అంది. ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడు అక్కని పిలిపించి, "నీకు నచ్చిన పేరు పెట్టుకోవే. చేలో దిగగానే మొదటిసారి మాత్రం మా సూరమ్మని పిలువు" అని అడిగింది. అక్క ఒప్పుకుంది, మాట నిలబెట్టుకుంది కూడా. కానీ సూరమ్మ కంటే ముందు అక్కడున్న మనిషి ఎవరో తేలలేదు. ఫరంపేటలో ఉన్న అమ్మమ్మ ఆడపడుచుని కూడా అడిగించాం. ఆవిడకీ గుర్తులేదు. కన్నతల్లి పాట కూడా గుర్తుండదా అని నేను రోజులతరబడి గింజుకున్నాను.

ఇప్పుడు పాత పాటలు మార్చి పాడేవాళ్ళు ఎదురైతే మార్చొద్దని అనను. చేతులాడాలి కదా, అక్క అన్నదాంట్లో తప్పులేదు. కానీ ముందు అక్కడ ఎవరుండేవారమ్మా అని అడుగుతాను. తెలియదంటే నోటికొచ్చినట్టు తిడతాను. నిజానికి ఆ తిట్లు వాళ్ళవి కావు. ఆ సాయంత్రం మా అమ్మమ్మ ముఖం చూసి, ఆవిడని తిట్టలేక మింగేసినవి.