బొలీవియాకు రెండో రాజధాని

2022లో కొత్త జిల్లా ఏర్పడిన కొద్ది నెలలకు నన్ను హిందూపురం నుంచి పెనుకొండ దగ్గరి ఒక ఉన్నత పాఠశాలకు బదిలీ చేశారు. హోదా స్కూల్ అసిస్టెంట్, సబ్జెక్టు సోషల్. అప్పటికి జనం ఎక్కువగా హిందూపురంలో, డివిజన్ ఆఫీసు పెనుకొండలో, కలెక్టరు పుట్టపర్తిలో ఉన్నారు. ఏ కాగితం ఏ ఊరికి పోవాలో తేలక మా స్కూలు ప్రతిదీ మూడు కాపీలు తీసి మూడు వైపులా పంపేది.

ఆ స్కూల్లో అటెండర్ ఓబులేసు. యాభై దాటిన మనిషి. ధర్మవరం నుంచి రోజూ రైల్లో వచ్చేవాడు. బెల్లు కొట్టడం, రిజిస్టర్లు తిప్పడంతో పాటు గోడపటాల బాధ్యత కూడా అతనిదే. చిరిగిన పటాలకు వెనక గుడ్డముక్క పెట్టి మైదాపిండితో అంటించేవాడు. రికార్డు అసిస్టెంటు పదోన్నతి జాబితాలో అతని పేరు ఆ ఏడాదే పైకి వచ్చింది. ఆ జాబితాకు ఒక నియమం ఉంది. ఎవరి మీదైనా మెమో, అంటే సంజాయిషీ అడిగే కాగితం, తేలకుండా ఉంటే వారి వంతు వెనకాల వారికి పోతుంది.

తనిఖీ రోజున నేను దక్షిణ అమెరికా చెబుతున్నాను. మేకు ఊడిపోవడంతో ఓబులేసు పటాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. తనిఖీకి వచ్చిన అధికారి లెక్కల మాస్టరుగా పనిచేసి పైకొచ్చిన వారు. ఒకే ప్రశ్న వేశారు, బొలీవియా రాజధాని ఏదని. ముందు బెంచీ అమ్మాయి లా పాజ్ అంది. అధికారి సంతోషించారు. నేను ఇంకా ఎక్కువ సంతోషించాను.

పటం వెనక నుంచి ఓబులేసు గొంతు వినిపించింది. "సూక్రే కూడా ఉండాది సార్."

నీ ఉద్యోగం ఏమిటని అధికారి అడిగారు.

"ఇప్పుడైతే పటం పట్టుకునేది సార్."

పిల్లలు నవ్వారు. అధికారి నా వైపు తిరిగి, ఇతను చెప్పేది నిజమేనా అన్నారు. నేను ఏమాత్రం తడుముకోకుండా, లేదండీ, లా పాజ్ ఒక్కటే అన్నాను. ఇరవై తొమ్మిదేళ్లుగా చెబుతున్న జవాబు అది. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆ దేశాన్ని పటంలో మళ్లీ చూడలేదని అప్పుడు గుర్తు రాలేదు.

వారం తిరక్కుండా ఓబులేసుకు మెమో వచ్చింది. తరగతిలో జోక్యం చేసుకోవడం, విద్యార్థులకు తప్పుడు సమాచారం ఇవ్వడం నేరాలు. ప్రత్యక్షసాక్షిగా నన్ను వాంగ్మూలం రాసి ఇమ్మన్నారు.

ఓబులేసు నన్ను బతిమాలలేదు. స్టాఫ్ రూములో పటం తెచ్చి బల్ల మీద పరిచాడు. బొలీవియా మీదుగా చిరుగు పోయిన చోట వేలు పెట్టాడు.

"ఈడ నేనే అతికించినా సార్. రెండు ఊర్ల కిందా గీత ఉండాది. రెండు ముక్కలూ కలపాలంటే సదవాల్సిందే గదా."

నేను అద్దాలు తుడుచుకుని చూశాను. గీతలు రెండూ ఉన్నాయి. ఇంటికి పోయి రెండు పుస్తకాలు తిరగేశాను. రాజ్యాంగం ప్రకారం రాజధాని సూక్రే, సుప్రీంకోర్టు అక్కడ. అధ్యక్షుడు, పార్లమెంటు లా పాజ్‌లో. జనం ఎక్కువగా ఉన్నది ఈ రెండూ కాని సాంతా క్రూజ్‌లో. భారతదేశంలో మూడో వంతు నేల, మన రాష్ట్రంలో నాలుగో వంతు జనం. సముద్రం లేదు, నౌకాదళం ఉంది. ఇలాంటి దేశం మన జిల్లా వారికి వెంటనే అర్థం కావాలి. నాకు మాత్రం కాలేదు. చాలాసేపు సిగ్గుగా అనిపించింది.

మరునాడు మా హెడ్మాస్టరు నన్ను పిలిచారు. పదవీ విరమణకు దగ్గరపడిన మనిషి. "ఏమప్పా, ఓబులేసు నోరు జారినాడని రాసేయ్. నాకింక ఏడు నెలలే ఉండేది," అన్నారు. నోరు జారింది నాదని చెప్పాను. వాంగ్మూలంలో మూడే వాక్యాలు రాశాను: అటెండరు చెప్పినది సరైనది. విద్యార్థిని చెప్పినది కూడా సరైనది. లా పాజ్ ఒక్కటే అని నేను చెప్పినది తప్పు. అధికారికి కూడా జవాబు తెలియదన్న సంగతి రాయలేదు, అంత ధైర్యం నాకు లేదు. అట్లాసు పేజీ జిరాక్సు తీసి జతపరచి, గెజిటెడ్ సంతకం కోసం హెడ్మాస్టరు ముందు పెట్టాను.

"బొలీవియాను నేను అటెస్ట్ చేసేదేందప్పా? నేనేమన్నా పోయి చూసినానా?" అన్నారు. పుట్టపర్తి జిల్లా కేంద్రమని కూడా మీరు పోయి చూసి సంతకాలు పెట్టడం లేదు కదా అన్నాను. పెన్ను తీసి సంతకం పెట్టారు. మూడు కాపీలు తీసి మూడు ఊళ్లకూ పంపాం.

నెలన్నర తర్వాత ఒక కాగితం వచ్చింది. ఓబులేసు మీద చర్య ముగించినట్టు, నేను విషయ పరిజ్ఞానం పెంచుకోవాలని సలహా ఇస్తున్నట్టు అందులో ఉంది. హిందూపురంలో మూడు రోజుల శిక్షణకు కూడా వేశారు. అక్కడ మాకు చేతులు శుభ్రంగా కడుక్కోవడం నేర్పారు. ఓబులేసు రికార్డు అసిస్టెంటై ధర్మవరంలోనే చేరాడు. రోజూ రైలెక్కే పని తప్పింది.

ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నది రెండు ముక్కలు. పాఠం ఎన్నేళ్లుగా చెబుతున్నా పటం ముందు నిలబడినప్పుడు దాన్ని చూడాలి. ఆఫీసులో నిజం చెప్పదలచుకున్నవారు జిరాక్సు జతపరచాలి.