తిప్పయ్య వినని కూత

నల్లమాడ దగ్గరి ఒక పల్లెలో చెడుగుడు పందెమంటే తీర్పు తిప్పయ్యదే. ఎదుటి బరిలోకి దూరినవాడు ఒకే ఊపిరిన 'చెడుగుడు చెడుగుడు' అని కూత పెట్టాలి కదా, ఆ కూత ఎక్కడ తెగిందో పట్టే చెవి చుట్టుపక్కల ఆయనకే ఉందని పేరు. ఆ పేరంటే మహానుభావుడికి పిచ్చి. భార్య పోయాక తమ్ముడు ఈరప్ప ఇంట్లోనే ఉంటూ, మరదలు నాగలక్ష్మమ్మ పెట్టింది తినేవాడు. అయినా పందెం కుదిరిన రోజు నుంచి ఆటగాడి ఇంట మెతుకు ముట్టకూడదని నియమం. తమ్ముడు ఆడేటట్లయితే చావడిలో వేరే పొయ్యి రాజేసుకునేవాడు.

"ఏం బావా, నా సంగటి ముద్దకు అమ్ముడుపోతావా?" అని నాగలక్ష్మమ్మ నవ్వేది.

1956 పరసలో, అంటే ఊరి జాతరలో, బత్తలపల్లె వాళ్ళతో ఆఖరి ఆట. ఇవతల ఈరప్ప ఒక్కడే మిగిలాడు, అవతల ఇద్దరు. ఇద్దరినీ తాకి వెనక్కి దూకాడు. వాళ్ళు కాళ్ళు పట్టేశారు. ఈడ్చుకుంటూ వచ్చి గీత మీద చెయ్యి వేశాడు. అబ్బబ్బ, ఏం గోల! "గెలిచినాం!" అని ఊరివాళ్ళు, "కూత తెగింది!" అని బత్తలపల్లె వాళ్ళు. ఆ అరుపుల్లో తిప్పయ్యకు కూత వినబడనే లేదు. "అన్న గదప్పా, తమ్మున్నే గెలిపిస్తాడు" అని ఎవడో అన్నది మాత్రం స్పష్టంగా వినబడింది.

"తెగింది" అన్నాడు తిప్పయ్య.

బత్తలపల్లె వాళ్ళు ఆయన్ను ధర్మరాజని భుజాలకెత్తుకున్నారు. వాళ్ళకేం, గెలిచారు! ఓడి ఉంటే అవే నోళ్ళు బూతులు తిట్టేవి. సొంత ఊరు దుమ్మెత్తిపోసింది. ఈరప్ప ఒక్కడు దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు.

"అన్నా, నిజంగా తెగిందా?"

"తెగిందిరా."

ఈరప్ప తల వంచుకుని పోయాడు. మళ్ళీ బరిలో అడుగు పెట్టలేదు.

ఆ సాయంత్రం తమ్ముడింటికి పోవడానికి తిప్పయ్యకు మొహం చెల్లలేదు. రేపు పోదాం, ఎల్లుండి పోదాం అనుకున్నాడు. నాగలక్ష్మమ్మ రెండుసార్లు సంగటి తెచ్చింది. ఇంకో పందెం ఉందని అబద్ధం చెప్పి తిప్పి పంపాడు. తర్వాత ఆమె రాలేదు. చావడి పొయ్యి మీద ఒక్కడికే వండుకుంటూ, పలకరించే దిక్కులేక పదేళ్ళు గడిపేశాడు పాపం.

1966లో కరువుకు గడ్డిపరక మిగల్లేదు. ఈరప్ప గొర్రెల్ని తోలుకుని, ఆలిని వెంటబెట్టుకుని తుంగభద్ర కాలువల వైపు బయలుదేరుతున్నాడని తిప్పయ్యకు తెలిసింది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడు? తెల్లవారగానే ఊరి బయట దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఈరప్పా, ఆ పొద్దు నీ కూత నాకు వినపళ్ళేదురా. నలుగురూ ఏమంటారోనని తెగిందంటిని."

ఈరప్ప గొర్రెల్ని ఆపి ఆయన వైపు తిరిగాడు.

"నాకు తెగలేదనే ఉండె అన్నా. అయినా మా యన్న అబద్ధం చెప్పడు, నేనే దొంగనేమో అనుకున్న్యా. పదేండ్లు ఊర్లో తలెత్తుకోలేక తిరిగినా. ఇప్పుడు చెప్తాండావా?"

గొర్రెల్ని అదిలించి ముందుకు సాగాడు. నాగలక్ష్మమ్మ ఆగి, సద్దిమూట విప్పి, చల్లటి సంగటి ముద్ద బావ చేతిలో పెట్టింది.

"ఇప్పుడు పందెమేమీ లేదు గదా. తిను బావా" అని ఆమె కూడా వెళ్ళిపోయింది.

గొర్రెల దుమ్ము అణిగేదాకా తిప్పయ్య అక్కడే నిలబడ్డాడు. పదేళ్ళ తర్వాత చేతికొచ్చిన ఆ ముద్దను నోట్లో పెట్టుకున్నాడు. ఎంత ప్రయత్నించినా గొంతు దిగలేదు.